ఇన్నిస్ ఖాన్ కాదు, యూనుస్ ఖాన్

పదిహేనేళ్ల కింద జిల్లా ఎడిషన్ డెస్కులో పనిచేసేటప్పుడు గుత్తి కోట మీద ఒక చిన్న ఐటెమ్ రాసినాను. "కలెక్టర్ థామస్ మన్రో గుత్తిలో కన్నుమూశారు, ఆయన సమాధి నేటికీ కోట కింద ఉంది" అని అందులో ఒక వాక్యం. నాలుగు రోజులకు నా పేరున ఒక పోస్టుకార్డు వచ్చింది. రిటైరైన అయ్యవారెవరో రాసినారు. తిట్లు లేవు, నీతులు లేవు. "బాబూ, మన్రో చనిపోయింది గుత్తిలో కాదు, పత్తికొండలో. చనిపోయినప్పుడు కలెక్టర్ కాదు, మద్రాసు గవర్నర్. గుత్తిలో పూడ్చిన మాట నిజమే గాని, ఇప్పుడు గుత్తిలో లేడు, మద్రాసులో ఉన్నాడు." అంతే. ఒక్క వాక్యంలో మూడు గలతీలు.

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. మన్రో 1800 నుంచి 1807 దాకా దత్తమండలాలకు ప్రిన్సిపల్ కలెక్టర్. తర్వాత 1820లో మద్రాసు గవర్నర్ అయినాడు. ఇంగ్లండుకు తిరిగిపోయేముందు పాత జిల్లాలను ఒకసారి చూసుకుందామని వచ్చి, 1827 జూలై 6న పత్తికొండ దగ్గర కలరాతో పోయినాడు. గుత్తికి తెచ్చి కోట కింద ఇంగ్లీషువాళ్ల గోరీల మధ్య పూడ్చినారు. 1831లో ఆ అవశేషాలను తవ్వి మద్రాసు సెయింట్ జార్జి కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి మార్చినారు. నా అబద్ధం మాత్రం ఆ రోజు జిల్లా అంతా చాయ్ హోటళ్లలో చదివినారు. సవరణ వేయమని అడిగితే, "ఇంత చిన్నదానికి సవరణ ఏంటి భాయ్" అని నవ్వినారు. నేనూ నవ్వి ఊరుకున్నాను. ఆ పోస్టుకార్డు మాత్రం ఇంకా నా దగ్గరే ఉంది.

మన్రో విషయంలో జనం చెప్పుకునే తప్పులకు లెక్కే లేదు. మద్రాసు మౌంట్ రోడ్డు మీద గుర్రమెక్కిన ఆయన విగ్రహానికి రికాబులు ఉండవు. చెక్కినాయన మరిచిపోయినాడనీ, అది గుర్తొచ్చి ప్రాణం తీసుకున్నాడనీ మా నానా కూడా చెప్పేవాడు. చెక్కిన ఫ్రాన్సిస్ చాంట్రీ ఆ రోజుల్లో ఇంగ్లండులో పేరుమోసిన శిల్పి. జీనూ రికాబులూ లేకుండా గుర్రాన్ని చెక్కడం ఆయన తబియత్. లండనులో ఆయనే చేసిన నాలుగో జార్జి రాజు విగ్రహానికీ రికాబులు లేవు. అయినా మరుపు కథే నిలిచింది. మనుషులకు పెద్దవాళ్ల గలతీ దొరికితే ఉండే ఖుషీ వేరు.

ఈ రోజు చెప్పదలచుకున్నది మన్రో సంగతి కాదు. మన గుత్తి తారీఖ్‌లో రెండున్నర శతాబ్దాలుగా తప్పుగా అచ్చవుతూ, చివరికి చెప్పేవాళ్ల నోట్లోంచి పూర్తిగా జారిపోయిన ఒక మనిషి పేరు సంగతి.

*

కోట ఎక్కినవాళ్లకు తెలుసు, పైన అంచు మీద సున్నంతో నునుపు చేసిన చిన్న మంటపం ఉంటుంది. మురారిరావు గద్దె అంటాం. అక్కడ కూర్చుంటే కిందనున్న ఊరూ, రైలు పట్టాలూ, వేరుశనగ చేన్లూ అరచేతిలో పెట్టినట్టు కనిపిస్తాయి. మురారిరావు ఘోర్పడే మరాఠా సర్దార్. పద్దెనిమిదో శతాబ్దం నడిమిలో గుత్తిని తన ఠికానా చేసుకుని, దక్షిణమంతా తన గుర్రపు ఫౌజును తిప్పినవాడు. కర్ణాటక యుద్ధాల్లో ఇంగ్లీషువాళ్లకు కొన్నాళ్లు, ఫ్రెంచివాళ్లకు కొన్నాళ్లు, మైసూరుకు కొన్నాళ్లు తోడు పోయినాడు. డబ్బు ఎవరిస్తే వాళ్లకని కొందరు రాస్తారు. ఆ కాలంలో అలా చేయనిదెవరు? కంపెనీవాళ్లు చేసింది మాత్రం ఏమిటి?

ఈయనను 1776లో హైదర్ అలీ గెలిచినాడు. ఆ ముట్టడి కథ గుత్తిలో పుట్టిన ప్రతి పిల్లవాడికీ ఏదో ఒక రూపంలో తెలుసు. నేను విన్న రూపం ఇది. కోటలో నీళ్లు అయిపోయినాయి, రాజీ కుదిరింది, జామీనుగా ఒక పిల్లవాణ్ణి హైదర్ దగ్గరికి పంపినారు, వాడు నోరు జారి నీళ్లు లేవని చెప్పేసినాడు, కోట పోయింది. డిగ్రీ చదివేటప్పుడు ఒకసారి తరగతి పిల్లలమంతా కోటకు పోయినాం. అక్కడ ఈ కథ చెప్పిన పెద్దమనిషి చివర్లో నా వైపు చూసి, "తురక పిల్లోడు తురక నవాబుకు చెప్పేసినాడు, ఇంగేముంది" అన్నాడు. కోపంతో కాదు, తమాషాకే. అందరూ నవ్వినారు. నేనూ నవ్వినాను. దిగేటప్పుడు మాత్రం మెట్లు బరువుగా అనిపించినాయి.

ఆ నవ్వు నాకు చాలా ఏళ్లు గుచ్చుకుంది. జవాబు ఉర్దూ కితాబుల్లో వెతికినాను, దొరకలేదు. చివరికి దొరికింది ఇద్దరు ఇంగ్లీషువాళ్ల పుస్తకాల్లో, వాళ్ల స్పెల్లింగు తేడాలో.

మొదటివాడు రాబర్ట్ ఓర్మ్. 1728లో కేరళ తీరాన అంజెంగోలో పుట్టినాడు, కంపెనీ కొలువు చేసినాడు, తర్వాత కంపెనీకే అధికారిక చరిత్రకారుడైనాడు. ఇంగ్లీషు ఫౌజు హిందూస్తాన్‌లో చేసిన యుద్ధాల మీద ఆయన పుస్తకం మొదటి సంపుటం 1763లో అచ్చయింది. అర్కాటు, తిరుచినాపల్లి, ఆరణి యుద్ధాలన్నీ రోజువారీగా ఉంటాయి. 1752 ప్రాంతపు తిరుచినాపల్లి లడాయీల్లో మురారిరావు గుర్రపు దళాన్ని నడిపిన ఒక సర్దార్ కనిపిస్తాడు. ఓర్మ్ ఆయన పేరు "ఇన్నిస్ ఖాన్" అని రాసినాడు.

ఇన్నిస్? మన ఇళ్లలో ఎవరైనా పిల్లవాడికి ఇన్నిస్ అని పేరు పెట్టినారా? అరబీలో లేదు, ఫార్సీలో లేదు, తుర్కీలోనూ నేను వినలేదు. ఇన్నిస్ అనేది స్కాట్లండువాళ్ల ఇంటిపేరు. తర్వాత వచ్చినవాళ్లు చాలామంది ఓర్మ్‌ను చూసి అదే దించుకున్నారు. తెలుగులోకి తెచ్చినవాళ్లు కూడా "ఇన్నిస్ ఖాన్" అనే తెచ్చినారు. అనువాదకుల కసూర్ అనలేను. అచ్చులో ఉన్నదాన్ని శంకించాలంటే కొంచెం ధైర్యం, కొంచెం ఉర్దూ రెండూ కావాలి.

ఇక్కడ నా ఉర్దూ మీడియం చదువు పనికొచ్చింది. డిగ్రీలో తెలుగు తీసుకున్నందుకు మా వీధిలో, ఉర్దూ బడిలో చదివినందుకు కాలేజీలో, రెండు చోట్లా నవ్వించుకున్నవాణ్ణి. ఈ ఒక్క చోట రెండూ కలిసి నాకు ఆసరా అయినాయి.

ఓర్మ్ పుస్తకంలోనే ఇంకో పేరు చూడండి: "మహమ్మద్ ఇస్సూఫ్". ఈయనెవరో అందరికీ తెలుసు. కంపెనీ సిపాయిల కమాండెంటుగా పేరు సంపాదించి, మదురై పాలించి, తర్వాత కంపెనీకీ నవాబుకూ ఎదురుతిరిగి, 1764 అక్టోబరులో మదురైలో ఉరికంబమెక్కిన ముహమ్మద్ యూసుఫ్ ఖాన్. తమిళులు మరుదనాయగం అనీ, ఖాన్ సాహిబ్ అనీ చెప్పుకుంటారు. ఆయన యూసుఫ్ అనడంలో ఎవరికీ అనుమానం లేదు. ఓర్మ్ చెవిలో యూసుఫ్ కాస్తా ఇస్సూఫ్ అయినాడు. మొదటి 'య' పోయింది, 'ఇ' వచ్చింది, మధ్య హల్లు రెట్టింపైంది.

అదే చెవి యూనుస్‌ను ఎలా వింటుంది? 'య' పోతుంది, 'ఇ' వస్తుంది, 'న' రెట్టింపవుతుంది. ఇన్నిస్.

చివరి "నిస్" సంగతేమిటని ఉర్దూ తెలిసినవాళ్లు అడుగుతారు. యే, వావ్, నూన్, సీన్. రాతలో ఉండేవి ఈ నాలుగు అక్షరాలే. నూన్ మీద పేష్ పెడితే యూనుస్, జబర్ పెడితే యూనస్, జేర్ పెడితే యూనిస్. మామూలు రాతలో ఈ గుర్తులు పెట్టరు. మనవాళ్లలో ఈ మూడు రకాలుగానూ పలికేవాళ్లు ఉన్నారు, మా ఇంట్లోనే ఇద్దరున్నారు. చేప కడుపులోకి పోయి వచ్చిన పైగంబర్ పేరు అది, ఖురాన్‌లో పదో సూరా పేరు. ఇంత మామూలు పేరు పరాయి చెవిలో పడి స్కాట్లండు పేరైపోయింది.

'య' రాలిపోవడం ఇంగ్లీషువాళ్ల ఒక్కరి అలవాటేమీ కాదు. తెలుగులో యాభైని ఏభై అనడం లేదా? మా వైపు పల్లెల్లో యూసుఫ్‌ను ఈసూబు అని పిలుస్తారు, ఆయన కూడా "ఆఁ, వస్తాండా" అని పలుకుతాడు. ఈసూబు అని పిలిస్తే ప్రేమ. అదే రేషన్ కార్డులో ఈసూబు అని ఎక్కితే ఎంత తిరగాలో ఆ ఈసూబునే అడగాలి.

*

రెండో ఇంగ్లీషువాడు మార్క్ విల్క్స్. మైసూరులో కంపెనీ రెసిడెంటుగా ఉన్నాడు. 1810 నుంచి 1817 మధ్య మూడు సంపుటాల్లో దక్షిణ దేశపు చరిత్ర అచ్చువేసినాడు. మైసూరు గురించి రాసినవాళ్లంతా ఇప్పటికీ ఆయన దగ్గరికి పోవాల్సిందే. విల్క్స్‌కు ఓర్మ్‌కు లేని లాభం ఒకటి ఉంది, ఫార్సీ. నసీరుద్దీన్ తూసీ రాసిన అఖ్లాఖె నాసిరీ మీద పెద్ద వ్యాసం రాసేంత ఫార్సీ వచ్చినవాడు. అందుకే ఆయన పుస్తకంలో మన పేర్లు కొంచెం గుర్తుపట్టేలా ఉంటాయి.

గుత్తి ముట్టడి పూర్తిగా ఉన్నది విల్క్స్‌లోనే. హైదర్ బళ్లారి పని చూసుకుని గుత్తి మీదికి వచ్చినాడు. ఊరూ, కింది కోటా ముందు పడిపోయినాయి. పై కోట పడలేదు. చుట్టూ మైదానం నుంచి వెయ్యి అడుగుల ఎత్తు నిలువు బండ అది, ఫిరంగులకు అందేది కాదు. హైదర్ తొందరపడలేదు, చుట్టుముట్టి కూర్చున్నాడు. పైన ఉన్నది మనుషులొక్కరే కాదు, గుర్రాలూ, పశువులూ ఉన్నాయి. గుత్తి కొండ మీద 108 బావులున్నాయని గైడ్లు చెబుతారు. ఎన్నుంటేనేం, వాటిల్లోకి నీళ్లు రావాల్సింది ఆకాశం నుంచే కదా. ఏడాదికి 550 మిల్లీమీటర్లు కురిస్తే పండగ చేసుకునే నేల ఇది. కొండ మీద ఎండాకాలం వస్తున్న బావిని ఊహించుకోండి.

నీళ్లు అడుగంటినాక మురారిరావు రాజీకి మనిషిని పంపినాడు. ఇంత సొమ్మని ఒప్పందం కుదిరింది. కొంత అప్పటికప్పుడు నగదుగా, వెండి బంగారాలుగా ఇవ్వాలి. మిగతాదానికి ఒక పెద్దింటి మనిషిని జామీనుగా ఉంచాలి. ఆ జామీనుగా దిగివచ్చిన పిల్లవాడు ఎవరంటే, విల్క్స్ రాసిన ప్రకారం, యూనుస్ ఖాన్ కొడుకు. మురారిరావు సర్దార్ యూనుస్ ఖాన్.

ఈ వాక్యం మొదటిసారి చదివిన రాత్రి నేను పుస్తకం మూసి బయటికి వచ్చి నిలబడినాను. ఓర్మ్ పుస్తకంలో 1752లో తిరుచినాపల్లి దగ్గర మురారిరావు గుర్రాలను నడిపిన "ఇన్నిస్ ఖాన్". విల్క్స్ పుస్తకంలో పాతికేళ్ల తర్వాత ఆయన కొడుకు, అదే మురారిరావు కోట కోసం శత్రువు డేరాలో జామీను. స్పెల్లింగు వేరు కాబట్టి రెండు పుస్తకాలు చదివినవాళ్లకు కూడా ఇద్దరు వేర్వేరు మనుషులుగా కనిపిస్తారు. నా మట్టుకు ఇద్దరూ ఒకరే. ఒక తరమంతా గుత్తి జెండా కింద గుర్రమెక్కిన తండ్రి, ఆ తండ్రి ఇజ్జత్ మీద నమ్మకంతో జామీనుగా పంపబడిన కొడుకు. కోట నిండా మరాఠా సర్దార్లు ఉండగా, మురారిరావు తన మాటకు పూచీగా పంపింది ఒక ముసల్మాన్ పిల్లవాణ్ణి.

తర్వాత జరిగింది మీకు తెలుసు. అయితే విల్క్స్ చెప్పిన తీరుకూ, మా గుత్తిలో చెప్పే తీరుకూ తేడా ఉంది. హైదర్ ఆ పిల్లవాణ్ణి తన దస్తర్‌ఖాన్ మీద కూర్చోబెట్టుకున్నాడు. తండ్రిని మెచ్చుకున్నాడు, పిల్లవాణ్ణి మెచ్చుకున్నాడు, కోటను కాపాడినవాళ్లను మెచ్చుకున్నాడు. పొగడ్తకు పొంగిపోయిన పిల్లవాడు గొప్పకు పోయినాడు. నీళ్లు అయిపోబట్టి గాని, లేకుంటే మా కోట నీకు దక్కేదే కాదు అనే ధోరణిలో. పైన మూడు రోజుల నీళ్లే ఉన్నాయన్న సంగతి ఆ గొప్పలోంచి జారింది. హైదర్ ముఖం మారలేదు. సొమ్ము తూకంలో తక్కువ వచ్చిందని సాకు పెట్టి, జామీనును వెనక్కి పంపేసి, మళ్లీ కాపలా బిగించినాడు. మురారిరావు దిగిరాక తప్పలేదు. చివరికి కబ్బాళదుర్గం చెరలో పోయినాడు.

ఇందులో గద్దారీ ఎక్కడుంది? ఆ పిల్లవాడు హైదర్‌కు కబురు మోయలేదు. తన మాలిక్ ఓడిపోయింది కత్తికి కాదు, దాహానికి అని చెప్పాలని ఆరాటపడినాడు. అది వఫాదారీయే, కాకపోతే బుద్ధి తక్కువ వఫాదారీ. పద్దెనిమిదేళ్ల వయసులో మనం ఎన్నెన్ని గొప్పలు చెప్పుకోలేదు! మాట తప్పింది ఎవరో కూడా కథలో స్పష్టంగానే ఉంది. హైదర్ అంటే నాకు ఇష్టం. చదువు రాకుండా అంత రాజ్యం నడిపిన మనిషి. అయినా ఈ ఒక్క చోట హైదర్ చేసింది నాకు నచ్చలేదు. మనవాడని తప్పును ఒప్పు చేయలేను.

తండ్రి పేరు పోయింది కాబట్టే కథ ఇంత తేలికైంది. "యూనుస్ ఖాన్ కొడుకు" అంటే ఒక ఇల్లు, ఒక నౌకరీ, ఒక ఉప్పు కనిపిస్తాయి. ఆ పేరు తీసేస్తే మిగిలేది "తురక పిల్లోడు". కొండ మీద ఆ పెద్దమనిషి కావాలని చేసిన పని కాదు అది. ఆయన విన్న కథలో పేరు లేదు, అంతే.

*

విల్క్స్ పుస్తకం మీ పిల్లల చేత చదివించండి అంటే, టిప్పు సుల్తాన్ గురించి అంత ద్వేషంగా రాసినవాణ్ణి సిఫారసు చేస్తావా అని ఒక దోస్త్ కోప్పడినాడు. నిజమే, టిప్పు దగ్గరికి వచ్చేసరికి విల్క్స్ కలం గెలిచినవాడి కలమే. అక్కడ జాగ్రత్తగా చదవాలి, మార్జిన్‌లో పెన్సిల్‌తో గీతలు పెట్టాలి. గుత్తి ముట్టడి, బళ్లారి ముట్టడి, హైదర్ తొలి రోజులు మాత్రం ఇంత వివరంగా మరోచోట దొరకవు. తప్పులున్న పుస్తకాన్ని పక్కన పెడితే చదవడానికి ఏ పుస్తకమూ మిగలదు. ఓర్మ్‌ను పారేసి ఉంటే ఇస్సూఫ్ దొరకడు, ఇస్సూఫ్ లేకుంటే ఇన్నిస్ తాళం తెరుచుకోదు. తప్పే దారి చూపించింది.

ఇంకో పుస్తకం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అది మన మాటల పుస్తకం. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తెలుగు నిఘంటువు అందరికీ తెలుసు. 1854లో ఆయన తెలుగులో కలిసిపోయిన పరభాషా మాటల కోసం విడిగా ఒక మిశ్రభాషా నిఘంటువు అచ్చువేసిన సంగతి మనవాళ్లలో కూడా చాలామందికి తెలియదు. దరఖాస్తు, రాజీనామా, జవాబు, ఖరీదు... ఈ మాటలు లేకుండా మన రైతుకు గాని, వకీలుకు గాని పొద్దు గడవదు. పండితులు ఇవి తెలుగు కాదని పక్కకు నెట్టే రోజుల్లో, కచేరీలో పనిచేసిన ఆ దొర వీటికీ ఒక ఇల్లు కట్టినాడు. కడపలో కొలువు చేసినవాడు కాబట్టి మా సీమ నోటి మాట ఆయన చెవిన పడి ఉంటుంది. తాటాకు ప్రతుల్లో రాయసగాళ్ల తప్పులు పట్టడానికి పండితులను జీతమిచ్చి కూర్చోబెట్టి, ఒకే పద్యానికి పది ప్రతులు పక్కపక్కన పెట్టి చూసిన మనిషి ఆయన. రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టి చూసే అలవాటు నాకు ఆయన నుంచే వచ్చింది.

చెవి పొరపాటు ఎంత దూరం పోతుందో చెప్పడానికి మరొక్కటి. మొహర్రంలో "యా హసన్, యా హుసేన్" అని గుండెలు బాదుకునేవాళ్లను చూసి ఇంగ్లీషు సిపాయిలు "హాబ్సన్ జాబ్సన్" అన్నారు. యూల్, బర్నెల్ అనే ఇద్దరు 1886లో వేసిన నిఘంటువుకు ఆ మాటనే పేరుగా పెట్టినారు. కర్బలా మాతమ్ ఒక పుస్తకం అట్ట మీద తమాషా అయింది. మన దగ్గర అదే మాతమ్ ఇంకో దారి పట్టింది. నార్పల దగ్గర గూగూడులో పీర్లస్వామి కుళ్లాయప్ప అయినాడు, వేల మంది హిందువులు మొక్కులు తీర్చుకుంటారు. అక్కడా పేరు మారింది, కానీ ఎవరి ఇజ్జతూ పోలేదు. పేరు మార్చిన నోరు నమ్మకంతో మార్చిందా, పట్టించుకోక మార్చిందా అనేదే తేడా. మన పత్రికలు ఏటా వేసే "మొహర్రం శుభాకాంక్షలు" ఏ ఖాతాలోకి వస్తుందో మీరే చెప్పండి. షహాదత్ రోజుకు శుభాకాంక్షలు! డెస్కులో ఉన్నన్నాళ్లూ ప్రతి ఏడూ ఆ హెడ్డింగు కొట్టేసినాను, నేను సెలవులో ఉన్న ఏడు మళ్లీ అచ్చయింది.

మొన్న ఒక పత్రిక ఆదివారం పేజీలో గుత్తి కోట వ్యాసం వచ్చింది, మంచి ఫోటోలతో. అందులో మళ్లీ "ఇన్నిస్ ఖాన్". ఈసారి నేను నవ్వి ఊరుకోలేదు. పోస్టుకార్డులో రాసినట్టే, తిట్లు లేకుండా, నాలుగు వాక్యాలు రాసి పంపినాను. ఇస్సూఫ్ సంగతి, విల్క్స్ సంగతి, ఆ పేరు యూనుస్ అనే సంగతి. మెహర్బానీ, పక్క వారమే వేసినారు. కింద మూలలో చిన్న డబ్బాలో, "సవరణ" అని హెడ్డింగు పెట్టి. అబ్బాకు చదివి వినిపిద్దామని పేపరు తీసుకుని కళ్లజోడు పెట్టుకున్నాను.

"గత వారం ప్రచురితమైన వ్యాసంలో ఇన్నిస్ ఖాన్ అని ఉన్నచోట యానాం ఖాన్ అని చదువుకోగలరు."